వృత్తి, ప్రవృత్తి, ప్రకృతిదృశ్యం: కూల్డ్రే, దామెర్ల, అడివి బాపిరాజుల చిత్రకళాసాధనపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు 1909 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే, ఆయన శిష్యులైన దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఒకే నది ఒడ్డున చిత్రకళను ఉపాసించారు. అయితే ముగ్గురికీ దక్కిన తీరిక ఒక్కటి కాదు. కూల్డ్రే ఉద్యోగం చేస్తూ చిత్రించారు. దామెర్ల చిత్రకళనే జీవనంగా ఎంచుకున్నారు. బాపిరాజు అనేక వృత్తుల నడుమ కుంచెను నిలుపుకున్నారు. వృత్తిభారం ప్రకృతిదృశ్య చిత్రణను ఏ రీతిగా నిర్ణయిస్తుందో, బాపిరాజు విషయంలో ఆ చిత్రణ రచనలోకి ఎలా మళ్ళిందో ఈ వ్యాసం చర్చిస్తుంది. ‘బహుముఖ ప్రజ్ఞ’ అనే మాట విమర్శలో కప్పిపుచ్చిన కాలసమస్యను ముందుకు తేవడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: అడివి బాపిరాజు, కూల్డ్రే, దామెర్ల రామారావు, ప్రకృతిదృశ్యం, నీటిరంగులు, వాష్ పద్ధతి, వృత్తి–ప్రవృత్తి.

1. ఉపోద్ఘాతం

అడివి బాపిరాజు (1895–1952) గురించిన పరిచయ వాక్యాలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కవి, నవలాకారుడు, కథకుడు, చిత్రకారుడు, గాయకుడు, న్యాయవాది, అధ్యాపకుడు, పత్రికా సంపాదకుడు, సినిమా కళాదర్శకుడు అని వరుసగా చెప్పి, చివర ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని ముగిస్తారు. ఈ జాబితాలో అసత్యమేమీ లేదు. కాని ఇందులో కాలం లేదు. తొమ్మిది పనులూ పక్కపక్కన నిలబడి, ఒకదానికొకటి అడ్డురాకుండా, ఒకే మనిషిలో హాయిగా ఇమిడిపోయినట్లు కనిపిస్తాయి. రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉన్న మనిషి కోర్టుకు ఎప్పుడు వెళ్ళారు, పాఠం ఎప్పుడు చెప్పారు, సంపాదకీయం ఎప్పుడు రాశారు, కుంచె ఎప్పుడు పట్టారు అనే ప్రశ్న ఆ జాబితా వేయదు.

ఈ ప్రశ్న అన్ని కళలకూ ఒకేలా వర్తించదు. పద్యం నడకలో కుదురుతుంది. పాట స్నానం చేస్తూ కూడా పుడుతుంది. ప్రకృతిదృశ్యాన్ని ఎదుట పెట్టుకుని చిత్రించడానికి మాత్రం మూడు కలిసిరావాలి: ఆ చోట ఉండాలి, వెలుతురు ఉండాలి, ఆ వెలుతురు ఉన్న గంటల్లో చేతికి మరే పనీ ఉండకూడదు. ఉద్యోగి మొట్టమొదట అమ్ముకునేది సరిగ్గా ఆ గంటలనే. కనుక వృత్తికీ ప్రవృత్తికీ మధ్య పోటీ ఎంత తీవ్రమైనదో తెలుసుకోవడానికి ప్రకృతిదృశ్య చిత్రణ మంచి ఆనవాలు.

2. కళాశాల వేళలు, నది వేళలు

ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే (1882–1958) ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డునున్న అబింగ్డన్‌కు చెందినవారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, భారత విద్యాశాఖలో చేరి, రాజమహేంద్రవరం వచ్చారు. కవి, కథకుడు, నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల, బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ప్రభృతులు ఆయన ప్రభావ పరిధిలో పెరిగినవారే. తెలుగు సాహిత్య చరిత్ర ఆయనను ‘గురువు’గానే గుర్తుపెట్టుకుంది. ఆ మాట న్యాయమైనదే అయినా, ఆయన చేసిన ఉద్యోగం ఎలాంటిదన్న ఊహ కూడా అవసరం. మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైన ప్రభుత్వ కళాశాలకు అధిపతిగా ఉండడమంటే పాఠాలు చెప్పడంతో సరిపోయేది కాదు. ప్రవేశాలు, పరీక్షలు, విద్యాశాఖతో ఉత్తరప్రత్యుత్తరాలు, క్రమశిక్షణ వ్యవహారాలు అన్నీ ఆ కుర్చీకే చేరతాయి. నేటి కళాశాలల్లో ఆ కుర్చీకి దగ్గరగా మసలేవారికి ఇంతకు మించి వివరణ అక్కరలేదు.

ఇక్కడ భూగోళం కలిసివచ్చింది. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అవతల, పశ్చిమాన కొవ్వూరు. అందువల్ల ఈ ఊరివారికి నది మీద సూర్యోదయం కనిపించదు. సూర్యాస్తమయం కనిపిస్తుంది. కళాశాల విడిచిన తరువాత గట్టుకు చేరుకున్న మనిషికి నది తన అత్యంత రంగులమయమైన వేళను ఆ సమయానికే సిద్ధంగా ఉంచుతుంది. పొద్దు తూర్పున నీటి మీద పొడిచే ఊరిలో ఇదే ఉద్యోగం చేసి ఉంటే, అదే మనిషి పాఠానికి సిద్ధమయ్యే వేళలో ఆ దృశ్యాన్ని వదులుకోవలసి వచ్చేది. సాయంసంధ్య ఉద్యోగి దృశ్యం. భావకవిత్వ కాలపు సంధ్యావర్ణనల్లో విషాదాన్ని, విరహాన్ని వెదికిన విమర్శకులు ఈ చిన్న లౌకిక కారణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. అప్పటి కవులలో చాలామంది విద్యార్థులో, ఉపాధ్యాయులో, గుమాస్తాలో. పగలు వారిది కాదు.

అయితే ఆ సంధ్య నిడివి చాలా తక్కువ. పదిహేడు డిగ్రీల అక్షాంశం దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. అస్తమయం తరువాత అరగంట తిరగకుండానే రంగు పోయి చీకటి పడుతుంది. థేమ్స్ తీరపు వేసవి సంధ్య గంటల తరబడి నిలుస్తుంది. ఆ నిదానమైన వెలుగుకు అలవాటుపడిన కన్నూ చేయీ ఇక్కడ వేగం నేర్చుకోక తప్పదు. ఈ స్థితిలో నీటిరంగులు కేవలం అభిరుచి కాదు, దాదాపు అనివార్యత. తైలవర్ణానికి ఆరడానికి రోజులు కావాలి, సరంజామా మోయడానికి మనిషి కావాలి. నీటిరంగులకు ఒక చిన్న పెట్టె, ఒక గిన్నెడు నీళ్ళు, ఒడిలో పట్టే అట్ట చాలు. కాగితపు తెలుపే వెలుతురు. దానిని కాపాడుకుంటూ పలుచని పూతలు వేసుకుపోవాలి. ఒకసారి కప్పేసిన తెలుపు తిరిగి రాదు. ఈ మాధ్యమం తప్పును క్షమించదు, కాని కాలాన్ని ఆదా చేస్తుంది. దొరతనపు ఉద్యోగుల పెట్టెల్లో నీటిరంగులు అంత విరివిగా ఉండడానికి ఆంగ్లేయ అభిరుచి ఎంత కారణమో, కచేరీ వేళలూ అంతే కారణం.

కళాశాల సంవత్సరం విషయానికి వస్తే పరిస్థితి తారుమారు. దీర్ఘమైన సెలవులు వేసవిలో వస్తాయి. అప్పుడు గోదావరి పాయలుగా చీలి, ఇసుకతిన్నెలు తేలి, మిట్టమధ్యాహ్నపు ఎండలో రంగు కోల్పోయి ఉంటుంది. కొత్తనీరు దిగి నది ఎర్రబారేది ఆషాఢంలో. నీరు తేరుకుని, ఆకాశం కడిగినట్లయ్యేది కార్తికంలో. రెండూ తరగతులు జరిగే నెలలే. తీరిక ఉన్నప్పుడు నది లేదు, నది ఉన్నప్పుడు తీరిక లేదు. బోధన వృత్తిలోని చిత్రకారుడు ఏ గోదావరిని చిత్రించగలడో కొంతవరకు పంచాంగం, కొంతవరకు కళాశాల క్యాలెండరు నిర్ణయిస్తాయి.

వినికిడి దెబ్బతినడంతో కూల్డ్రే ఉద్యోగం విడిచి స్వదేశానికి వెళ్ళిపోయారు. పాఠం చెప్పడానికి చెవి కావాలి, చిత్రానికి అక్కరలేదు. ఉద్యోగానికి పనికిరాకుండా చేసిన లోపం ప్రవృత్తిని తాకలేదు. తరువాత వెలువడిన ‘సౌత్ ఇండియన్ అవర్స్’ (1924) పేరులోనే గంటలున్నాయి. థేమ్స్‌నూ గోదావరినీ జంటగా పేరులో నిలిపిన కవితాసంపుటి కూడా ఆయనదే. చివరికి ఉద్యోగపు పదేళ్ళ నుంచి ఆయన వెంట తీసుకువెళ్ళింది నదినే.

3. నాగరకుని గది, గువో షీ కొండలు

వృత్తి–ప్రవృత్తి అనే జంటపదం తెలుగులో ఎంత అలవాటైపోయిందంటే దానికి ఒక చరిత్ర ఉందన్న సంగతే మరుగున పడింది. వాత్స్యాయనుడు ‘కామసూత్రం’లో వర్ణించిన నాగరకుని గదిలో వీణతోపాటు చిత్రఫలకం, వర్తికలు ఉంచే సంపుటి కూడా ఉంటాయి. అంటే చిత్రకళ సంస్కారవంతుడైన గృహస్థుకు ఉండవలసిన నేర్పు. కాని నాగరకుని దినచర్యలో కచేరీ లేదు. ఆయన కాలం ఆయనదే. చిత్రకళను సంస్కారానికి గుర్తుగా నిలిపిన ఈ ఆదర్శం, జీతం మీద బతికే విద్యావంతుని తరానికి అందేసరికి గది మిగిలింది, వీణ మిగిలింది, మధ్యాహ్నం మిగలలేదు.

చైనా సంప్రదాయం ఈ ప్రశ్నను సూటిగానే ఎదుర్కొంది. పదకొండో శతాబ్దపు చిత్రకారుడు గువో షీ ఆలోచనలను ఆయన కుమారుడు సంకలనం చేసిన గ్రంథం, సజ్జనుడు కొండలనూ వాగులనూ ఎందుకు ప్రేమిస్తాడనే ప్రశ్నతో మొదలవుతుంది. అక్కడ చెప్పిన సమాధానం సారాంశం ఇది: మనసు కొండల్లో ఉంటుంది, కాని రాజు పట్ల, తల్లిదండ్రుల పట్ల బాధ్యత మనిషిని ఊళ్ళో కట్టిపడేస్తుంది, అలాంటివాడు కూర్చున్న చోటు విడవకుండానే కొండలను పొందడానికి చిత్రం కావాలి. ఇది ప్రకృతిదృశ్యానికి లభించిన అతి నిజాయితీగల సమర్థన. ప్రకృతి మీద ప్రేమతోపాటు ప్రకృతికి దూరమైన ఉద్యోగాన్ని కూడా అది ఆ కళకు మూలంగా ఒప్పుకుంటుంది. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. గువో షీ స్వయంగా ఆస్థాన చిత్రకారుడు. ఆయన ఓదారుస్తున్నది చూసే ఉద్యోగిని, చిత్రించే ఉద్యోగిని కాదు. ఉద్యోగే కుంచె పట్టే స్థితిని అంతకు ముందు వాంగ్ వే వంటివారు, ఆ శతాబ్దంలోనే సూ షీ వంటి అధికారులు జీవించి చూపారు. ఆ సంప్రదాయంలో అధికారి చేతి చిత్రానికి వృత్తి చిత్రకారుని చిత్రం కంటే ఎక్కువ గౌరవం దక్కింది. తెలుగునాట దీనికి పూర్తిగా వ్యతిరేకం జరిగింది. ‘సరదాగా బొమ్మలు వేస్తారు’ అన్న మాటలో మెప్పు కంటే చిన్నచూపే ఎక్కువ.

విన్‌స్టన్ చర్చిల్ ఉదాహరణను ఈ సందర్భంలో తరచు పేర్కొంటారు. కాని అది అంతగా పొసగదు. 1915లో డార్డనెల్స్ వైఫల్యంతో పదవి పోయిన తరువాతనే ఆయన కుంచె పట్టారు. ఉద్యోగం విరామమిచ్చినప్పుడు మొదలైన చిత్రకళ వేరు, ఉద్యోగం మెడమీద ఉండగా సాగిన చిత్రకళ వేరు.

4. దామెర్ల తేల్చుకున్న లెక్క

దామెర్ల రామారావు (1897–1925) ఈ సంఘర్షణనే తిరస్కరించారు. కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి, శిక్షణ పొంది, తిరిగి వచ్చి, 1923లో రాజమహేంద్రవరంలో ఆంధ్ర భారతీయ కళా సమితిని స్థాపించారు. గోదావరి తీరాలనూ, తూర్పు కనుమలనూ చిత్రించడానికి ఆయనకు ఉదయం ఉంది, మధ్యాహ్నం ఉంది, ఊరు విడిచి వెళ్ళే వెసులుబాటు ఉంది. మశూచి సోకి ఇరవై ఏడేళ్ళకే మరణించారు. సమర్పణకు దీర్ఘాయుష్షు తోడవుతుందన్న హామీ ఏదీ లేదని ఈ జీవితం చూపుతుంది. పూర్తికాలం చిత్రకారునికి దక్కిన సంవత్సరాల మొత్తం, కూల్డ్రే ఉద్యోగంలో గడిపిన సంవత్సరాల కంటే ఎక్కువేమీ కాదు.

అయినా దామెర్ల చిత్రాలను ఆయన పేరిట రాజమహేంద్రవరంలో ఉన్న చిత్రశాలలో చూసినవారికి ఒక సంగతి స్ఫురించక మానదు. ఒకే మనిషి, ఒకే దిశగా, అంతరాయం లేకుండా చేసిన పని ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. బాపిరాజు చిత్రకళకు అటువంటి ఏకధార లేదు. దీనిని ప్రతిభాలోపంగా భావించడం తొందరపాటు.

5. బాపిరాజు: ఎన్ని గంటలు కాదు, ఏ గంటలు

బాపిరాజు రాజమహేంద్రవరంలో కూల్డ్రే దగ్గర చదివారు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు. న్యాయశాస్త్రం చదివి కొంతకాలం ప్రాక్టీసు చేశారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ వద్ద చిత్రకళ అభ్యసించారు, 1934 నుంచి ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు. సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ దినపత్రిక సంపాదకత్వం నిర్వహించారు. ఈ పనుల్లో ఏ ఒక్కటీ సగం మనసుతో చేయగలిగింది కాదు. ముఖ్యంగా దినపత్రిక మనిషి రాత్రులను కూడా తీసుకుంటుంది.

ఇక్కడ సహజంగా ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. కాలం చాలకపోవడమే సమస్యయితే నవలలు ఎలా వచ్చాయి? 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయ బహుమతిని విశ్వనాథ ‘వేయిపడగలు’తో పంచుకున్న ‘నారాయణరావు’ చిన్న పుస్తకం కాదు. ‘హిమబిందు’, ‘గోన గన్నారెడ్డి’, ‘తుఫాను’, ‘కోనంగి’ కూడా ఉన్నాయి. వీటికి పట్టిన కాలంలో నీటిరంగుల చిత్రాలు వందలు వేయవచ్చు. కనుక వృత్తి చిత్రకళను మింగిందనే వాదం మొదటి చూపులోనే వీగిపోయినట్లు కనిపిస్తుంది.

నిజానికి అది వీగిపోదు, మరింత స్పష్టమవుతుంది. ఉద్యోగం గంటల సంఖ్యను తగ్గించడం కంటే ఫలానా గంటలను తీసివేయడం ద్వారానే ఎక్కువ నష్టం చేస్తుంది. నవలను దీపం వెలుగులో రాయవచ్చు. అధ్యాయం మధ్యలో ఆపి మరునాడు అందుకోవచ్చు. రైలులో ఆలోచించి ఇంట్లో రాయవచ్చు. నదిని దీపం వెలుగులో చిత్రించలేము. నిన్నటి మేఘాన్ని ఇవాళ అందుకోలేము. పైగా నవలకు బయట ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు: పోటీ నిర్వాహకులు, సంపాదకులు, పాఠకులు. గోదావరి బొమ్మ కోసం ఎదురుచూసేవారు లేరు. ఎవరూ అడగని పని, పగటి వెలుతురు కావలసిన పని ఉద్యోగి జీవితంలో మొట్టమొదట వాయిదా పడుతుంది.

దీనికి మరో సాంకేతిక కారణం తోడైంది. బాపిరాజుకు గురువుల ద్వారా సంక్రమించినవి రెండు పరస్పర విరుద్ధమైన పద్ధతులు. కూల్డ్రేది ఆరుబయట, ఎదుటి దృశ్యాన్ని చూస్తూ, వేగంగా పూర్తిచేసే ఆంగ్లేయ నీటిరంగు సంప్రదాయం. ఛటర్జీ ద్వారా వచ్చినది అవనీంద్రనాథ్ ఠాకూర్ జపాను చిత్రకారుల సాంగత్యంతో రూపొందించిన వంగదేశపు వాష్ పద్ధతి. ఇందులో పూత వేసిన కాగితాన్ని నీటిలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ పూత వేసి, మళ్ళీ ముంచుతారు. రంగు కాగితంలోకి ఇంకి, మంచుపొర కప్పినట్లవుతుంది. ఇది గదిలో చేసే పని, విడతలుగా చేసే పని. విడతల మధ్య ఎంత విరామమైనా ఇవ్వవచ్చు. కాని దృశ్యం ఎదుట లేదు కనుక స్మృతి నుంచే చిత్రించాలి. స్మృతి నుంచి చిత్రించేవారికి ఒక ఫలానా సాయంకాలపు గోదావరి కంటే సముద్రగుప్తుడు, తిక్కన, శబ్దబ్రహ్మ చేరువలో ఉంటారు. బాపిరాజు చిత్రాల్లో ప్రసిద్ధమైనవి సరిగ్గా ఇవే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇందులో జాతీయోద్యమ భావజాలం పాత్ర లేదనడం కుదరదు. ఆ తరం దృష్టిలో పౌరాణిక, చారిత్రక ఇతివృత్తాలు స్వదేశీయమైనవి. ప్రకృతిదృశ్యం మాత్రం దొరలు తమ ఆల్బముల కోసం వేసుకున్న వస్తువుగా కొంత అనుమానానికి గురైంది. ‘విష్ణుధర్మోత్తరం’లోని చిత్రసూత్రం ఆకాశాన్నీ, పర్వతాలనూ, నదులనూ, ఋతువులనూ, సంధ్యలనూ ఎలా చిత్రించాలో చెప్పినప్పటికీ, మనుష్యులు లేని ప్రకృతిని స్వతంత్ర చిత్రంగా నిలిపే అలవాటు ఇక్కడ బలంగా లేదు. కనుక బాపిరాజు ఎంపికను భావజాలం సూచించింది, పద్ధతి అనుకూలించింది, వృత్తిజీవితం స్థిరపరచింది. మూడింటిలో మూడోదానినే విమర్శ ఇంతవరకు తక్కువగా పట్టించుకుంది.

పోలికకు సంజీవదేవ్ (1914–1999) కనిపిస్తారు. తుమ్మపూడి గ్రామంలో ఉంటూ, ఉద్యోగబంధం లేకుండా, ప్రకృతిదృశ్యాలను చిత్రిస్తూ, కళావిమర్శ రాశారు. ఆయన ప్రకృతిచిత్రాల నిలకడకు హిమాలయాల అనుభవం, రోరిక్ సాన్నిహిత్యం ఎంత కారణమో, ఉదయాలు ఆయన చేతిలో ఉండడమూ అంతే కారణం.

6. వాక్యంలోకి మళ్ళిన రంగు

బాపిరాజులోని ప్రకృతిదృశ్య చిత్రకారుడు అంతరించలేదు. చోటు మార్చుకున్నాడు. ఆయన పెట్టిన పేర్లనే చూడవచ్చు: ‘హిమబిందు’, ‘తుఫాను’, ‘శైలబాల’, ‘భోగీర లోయ’, ‘హంపీ శిథిలాలు’. కొండ, లోయ, శిథిలం, తుఫాను, మంచుబిందువు. వరుసగా చదివితే ఇవి ఒక చిత్రప్రదర్శన పట్టికలా ఉంటాయి. కథకు పాత్ర పేరో, సమస్య పేరో పెట్టే ఆచారం బలపడుతున్న కాలంలో ఇన్ని పేర్లు నేల నుంచీ వాతావరణం నుంచీ రావడం ఆయన చూపు ఎటు తిరిగి ఉందో చెబుతుంది.

‘నారాయణరావు’ రైలు ప్రయాణంతో మొదలవుతుంది. ఇది పాత్రలను కలపడానికి నవలాకారుడు వాడిన సదుపాయమే కావచ్చు. అయినా ఉద్యోగికి దక్కే ప్రకృతిదృశ్యం చాలావరకు రైలుకిటికీదే. అది చట్రంలో బిగించి ఉంటుంది, క్షణంలో జారిపోతుంది, దిగి గీసుకోవడానికి వీలుండదు. అందులోనే చిత్రకారుడైన పరమేశ్వరమూర్తిని కథానాయకుని మిత్రునిగా నిలపడం గమనార్హం. న్యాయశాస్త్రం చదివినవాడు ఒకడు, చిత్రకారుడు మరొకడు. రచయిత జీవితంలో ఒకే మనిషి మోసిన రెండు బరువులను నవల ఇద్దరికి పంచింది. స్నేహితులు కాబట్టి వారి మధ్య పోటీ లేదు. నవల ఇచ్చిన ఆ సర్దుబాటును జీవితం ఇవ్వలేదు. పరమేశ్వరమూర్తిని రచయిత ప్రతిబింబంగా మాత్రమే చూసే వ్యాఖ్యానాలు ఈ విభజనను దాటవేస్తాయి. ప్రతిబింబం ఒకటి కాదు, రెండు.

ఆయన గద్యవర్ణనలకు అతిశయం, రంగుల ఆధిక్యం దోషాలని అన్నవారున్నారు. కథనవేగం దృష్ట్యా ఆ విమర్శను తోసిపుచ్చలేము. వర్ణన వచ్చినప్పుడు కథ ఆగుతుంది, పాత్రలు పక్కకు జరుగుతాయి. చిత్రకళ వైపు నుంచి చూస్తే మాత్రం ఆ ఆగడానికి అర్థం మారుతుంది. కథ నడిపే రచయిత ఆగడు. కాగితం తడి ఆరేవరకు కదలకూడని చిత్రకారుడు ఆగుతాడు. ఈ వర్ణనలను ప్రబంధవర్ణనల కొనసాగింపుగానే పరిశీలించిన పరిశోధనలకు, కూల్డ్రే మార్గంలోని నీటిరంగు చిత్రం మరో ఆకరం కాగలదు. ముందు ఆకాశం, తరువాత దూరం, చివర దగ్గరి వస్తువులు అన్న పూతల క్రమం ఏయే వర్ణనల్లో ఉందో, ఏయే వర్ణనల్లో లేదో వాక్యం వాక్యంగా పరిశీలించదగిన పని.

ఆయన గోదావరి వరదపై కట్టిన గేయం వీటన్నిటికంటే కూల్డ్రే పాఠానికి దగ్గరది. నది ఉప్పొంగే నెలలు కచేరీలు, కళాశాలలు నడిచే నెలలు. ఆ నదిని చిత్రించాలంటే గొడుగు, పలక, పొడి కాగితం, ఒక పగలు కావాలి. పాటకు ఇవేవీ అక్కరలేదు. ఒక దృశ్యం, ఒక ఊపు, ఒకే విడత. గొంతున్న మనిషి కనుక పాడుకుంటూ ఎక్కడికైనా వెంట తీసుకుపోయారు. జీవితం చివరి దశలో సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు సిద్ధం చేయడానికి సింహళం వెళ్ళినప్పుడు మాత్రం ఆయనకు పగళ్ళు దొరికాయి. ఎందుకంటే అప్పుడు చిత్రించడమే ఆయన ఉద్యోగం. అయితే ఎదురుగా ఉన్నది నది కాదు. పదిహేను శతాబ్దాల క్రితం మరెవరో గోడ మీద పూర్తిచేసిన చిత్రం.